పది తర్వాత ఏ ఫారం నింపాలి: కావలి నెట్ సెంటర్ నుంచి కొన్ని మాటలు

కావలి ట్రంకు రోడ్డులో నాది నెట్ సెంటర్. పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన మర్నాటి నుంచి మా షాపులో కుర్చీలు చాలవు. జలదంకి, బోగోలు, దగదర్తి వైపు నుంచి వస్తారు. అటు గుడ్లూరు, ఉలవపాడు నుంచీ వస్తారు. ఎక్కువ మంది పిల్లలు జిల్లా పరిషత్ హైస్కూల్లోనో, మోడల్ స్కూల్లోనో, కస్తూర్బాలోనో చదివినవాళ్ళే. అందరూ అడిగే మాట ఒకటే: "ఏది పెడితే మంచిదన్నా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే నేనే ఎదురు ప్రశ్నలు వేస్తాను. పిల్లోడికి లెక్కలంటే ఇష్టమా, భయమా? ఇల్లు వదిలి ఉండగలడా? ఇప్పటిదాకా వేటికి అప్లికేషన్ పెట్టారు? మొదటి రెండింటికీ అమ్మానాన్నలు చెరొక జవాబు చెప్తారు. మూడోదానికి మాత్రం ఇద్దరూ నా మొహం చూస్తారు. కాబట్టి ముందు దాని సంగతే చెప్తాను.

రిజల్ట్స్ దాకా ఆగొద్దు

"మార్కులు రానీ, చూసుకుందాంలే" అని ఆగితే రెండు దారులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి. ఒకటి పాలిటెక్నిక్ (దాని పరీక్ష పేరు పాలిసెట్), రెండోది ఏపీఆర్‌జేసీ, అంటే హాస్టల్ ఉండే ప్రభుత్వ జూనియర్ కాలేజీ. రెండింటికీ ప్రవేశ పరీక్ష ఉంటుంది. రెండింటి ఫారాలూ పది పరీక్షలు జరిగే రోజుల్లోనే వస్తాయి, ఫలితాల కంటే ముందే గడువు అయిపోతుంది. 2025 సంగతే చూడండి. పది ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి, ఏపీఆర్‌జేసీ పరీక్ష ఏప్రిల్ 25న, పాలిసెట్ ఏప్రిల్ 30న జరిగాయి. అంటే మార్కులు చూసుకున్నాక ఫారం నింపే తీరికే లేదు. తేదీలు ఏటా కొంచెం అటూ ఇటూ జరుగుతాయి గానీ వరుస దాదాపు ఇదే.

అందుకని మార్చిలోనే ఆ రెండూ పెట్టేయండి. రెండింటికీ కలిపినా ఫీజు వెయ్యి రూపాయలు దాటదు. సీటు వచ్చినంత మాత్రాన చేరి తీరాలని ఎవరూ అనరు. ఫారం పెట్టకపోతే మాత్రం ఆ సంవత్సరానికి ఆ ఆలోచనే వదులుకోవాలి. "వాడికి ఇంటర్ చేయాలనుంది, పాలిసెట్ ఎందుకు" అనే నాన్నలకు నేను చెప్పేది ఒకటే: ఆ పరీక్ష పది సిలబస్ మీదే. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 120 ప్రశ్నలు, రెండు గంటలు, పేపరు తెలుగులో కూడా ఉంటుంది. పదికి చదివిన పిల్లాడు అప్పుడే చదివింది ఇంకోసారి రాసినట్టు.

ట్రిపుల్ ఐటీ, మామూలు ఇంటర్, ఐటీఐ, వ్యవసాయ పాలిటెక్నిక్ మాత్రం ఫలితాల తర్వాతే మొదలవుతాయి. వీటికి టెన్షన్ పడాల్సిన పని లేదు, పేపర్లో నోటిఫికేషన్ చూసుకుంటే చాలు.

ఏ గ్రూపు ఏ దారి మూసేస్తుంది

తల్లిదండ్రులు గ్రూపు పేరు చూసి నిర్ణయం తీసుకుంటారు. నేను వాళ్ళను వెనక నుంచి చూడమంటాను. రెండేళ్ళ తర్వాత పిల్లలు ఏ పరీక్ష రాయాలనుకుంటున్నారు? దానికి ఈ గ్రూపు పనికొస్తుందా? కావలి బస్టాండులో నెల్లూరు బస్సెక్కి ఒంగోల్లో దిగుతానంటే కండక్టరు ఏం చేస్తాడు?

ఎంపీసీ తీసుకుంటే ఈఏపీసెట్‌లో ఇంజనీరింగ్, జేఈఈ, బీఫార్మసీ, ఎన్‌డీఏ (సైనిక అధికారుల అకాడమీ)లో ఎయిర్ ఫోర్స్, నేవీ వైపు వెళ్ళొచ్చు. బైపీసీ తీసుకుంటే నీట్, నర్సింగ్, అగ్రికల్చర్ బీఎస్సీ, ఫార్మసీ ఉంటాయి. మన వైపు వాళ్ళు తరచుగా మర్చిపోయేది ఇంకొకటి ఉంది, ఫిషరీస్. ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కాలేజీ 1991 నుంచి ఉంది. అక్కడ బీఎఫ్‌ఎస్సీ సీటు ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతోనే వస్తుంది. సముద్రం పక్కన రొయ్యల గుంటలున్న ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కూడా నన్ను "ఎంబీబీఎస్ రాకపోతే బైపీసీ వేస్టే కదన్నా" అని అడుగుతారు. వాళ్ళ ఇంటి ముందున్న గుంటకు సీడు (రొయ్య పిల్లలు) పరీక్ష చేసేదీ, నీళ్ళు పరీక్ష చేసేదీ ఏ చదువు చదివినవాళ్ళో కనుక్కోమంటాను.

2025-26 నుంచి ఇంటర్‌లో ఎంబైపీసీ అని కొత్తది వచ్చింది. లెక్కలూ బయాలజీ రెండూ చదవొచ్చు, ఇంజనీరింగుకీ మెడిసిన్‌కీ రెండింటికీ రాయొచ్చు. ఇది వినగానే చాలామంది తల్లులకు ప్రాణం లేచొస్తుంది, ఇంక నిర్ణయం తీసుకోవాల్సిన పనే లేదని. నా ఉద్దేశంలో అది తప్పు లెక్క. పదిలో లెక్కలూ సైన్సూ రెండింటిలోనూ తనంతట తాను మార్కులు తెచ్చుకున్న పిల్లకైతే సరే. ఏదో ఒకదానితో కష్టపడుతున్న పిల్లకు రెండూ అంటగడితే రెండూ సగంసగమవుతాయి. పైగా మీరు చేరబోయే కాలేజీలో రెండింటికీ లెక్చరర్లు ఉన్నారో లేదో ముందు అడగాలి.

సీఈసీ, ఎంఈసీ లాంటి కామర్స్ గ్రూపులంటే మనవాళ్ళకు చిన్నచూపు. "మార్కులు రానోళ్ళ గ్రూపు" అని ముందే ముద్ర వేస్తారు. సీఏ ఫౌండేషన్ రాయాలంటే ఎంఈసీ చదివిన పిల్లకు అకౌంట్లు, ఎకనామిక్స్ కొత్తగా ఉండవు. లా చదవాలంటే ఐదేళ్ళ లాసెట్‌కి ఏ గ్రూపైనా చాలు. డీఈఈసెట్ రాసి టీచర్ ట్రైనింగ్ చేయాలంటే ఇంటర్‌లో 50 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 45) ఉండాలి, కానిస్టేబుల్ పరీక్షకు ఇంటర్ పాసై ఉండాలి, రెండింటికీ ఏ గ్రూపన్నది అడగరు. టీచర్ కావాలనే పిల్లను ఎంపీసీలో తోసి రెండేళ్ళు ఏడిపించేవాళ్ళు ఈ లైను ఇంకోసారి చదవండి.

ఒకేషనల్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అయోమయం ఎక్కువ ఉన్నది ఇక్కడే. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్), ఎంపీహెచ్‌డబ్ల్యూ (హెల్త్ వర్కర్), అకౌంటింగ్ అండ్ టాక్సేషన్, కంప్యూటర్స్, ఎలక్ట్రికల్, క్రాప్ ప్రొడక్షన్ లాంటి కోర్సులు ఉన్నాయి. అన్ని కాలేజీల్లో అన్నీ ఉండవు. ఇది ఇంటరే, సర్టిఫికెట్ ఇచ్చేదీ ఇంటర్ బోర్డే. "ఒకేషనల్ అంటే ఇంటర్ కాదంట గదా" అనేవాళ్ళు వారానికి ఒకరన్నా తగుల్తారు. పని నేర్చుకుని తొందరగా సంపాదనలో పడాలనుకునే ఇంటికి ఇది మంచి దారి. తర్వాత ఇంజనీరింగో, ఇంకేదన్నా ప్రొఫెషనల్ కోర్సో చేయాలనిపిస్తే బ్రిడ్జి కోర్సు పాసవ్వాలి. అది వేరేగా ఫీజు కట్టి రాసే పరీక్ష. చేరేటప్పుడే ప్రిన్సిపాల్‌ని "బ్రిడ్జి కోర్సు రాయిస్తారా" అని అడగండి. అడక్కపోతే రెండో ఏడాది చివర్లో గుర్తొస్తుంది.

పాలిటెక్నిక్ మూడేళ్ళ డిప్లొమా. నెల్లూరులో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, ఆడపిల్లలకు విడిగా ఇంకొకటి ఉంది. ఒంగోలులో డీఏ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. గూడూరులో సిరామిక్ టెక్నాలజీకి విడిగా ప్రభుత్వ సంస్థే ఉంది, అదొకటి ఉందని మన ఊళ్ళల్లో చాలామందికి తెలియదు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. అంటే చివరికి బీటెక్కే చేయాలనుకున్నా ఇంటర్ దారిలో లాగే మొత్తం ఆరేళ్ళే అవుతుంది, చేతిలో డిప్లొమా అదనం. వర్క్‌షాపులో చేతులు నల్లగా చేసుకోవడం ఇష్టపడే పిల్లాడికి నేను మొదట చెప్పేది ఇదే. నీట్ రాయాలనుకున్న పిల్లకు మాత్రం ఇది అసలు పనికిరాదు.

ట్రిపుల్ ఐటీకి ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులే. 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ అనే వర్సిటీ కింద నూజివీడు, ఇడుపులపాయ ఉన్నాయి. ఒంగోలు, శ్రీకాకుళం 2016లో వచ్చాయి. ఒక్కో క్యాంపస్‌కి సుమారు వెయ్యి సీట్లు. ఆరేళ్ళ కోర్సు, హాస్టల్‌తో కలిపి: రెండేళ్ళు పీయూసీ (ఇంటర్ లాంటిదే), నాలుగేళ్ళు బీటెక్. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు, అందుకే మన జెడ్‌పీ హైస్కూలు పిల్లలు ధైర్యంగా పెట్టొచ్చు. మార్కులు సమానమైతే ముందు లెక్కల మార్కులు చూస్తారు. పది మొదటిసారికే పాసై ఉండాలి. ఒంగోలు దగ్గర కదా అని ఒంగోలు ఒక్కటే ఇచ్చేవాళ్ళున్నారు. మార్కులు తక్కువైతే అది దక్కకపోవచ్చు, నాలుగూ వరుసలో ఇవ్వండి. శ్రీకాకుళం వస్తే పంపుతారా లేదా అన్నది మాత్రం ఫారం నింపే ముందు ఇంట్లో తేల్చుకోండి. సీటొచ్చాక అమ్మమ్మ అడ్డం పడి ఆపేసిన ఇళ్ళు నాకు తెలుసు.

ఏపీఆర్‌జేసీ అంటే ప్రభుత్వ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ. మనకు దగ్గర్లో వెంకటగిరిలో ఉంది, అది అబ్బాయిలకు. పరీక్ష 150 మార్కులకు, గ్రూపును బట్టి మూడు సబ్జెక్టులు. చదువు మీద ఆసక్తి ఉండి, ఇంట్లో చదువుకునే వాతావరణం లేని పిల్లాడికి ఇంతకంటే మంచిది చూపించలేను. ఆడపిల్లలకైతే కస్తూర్బాలో ఇంటర్ ఉంది, మోడల్ స్కూళ్ళలోనూ ఇంటర్ ఉంది. పది చదివిన బడిలోనే ఇంటర్ ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉంటే ఏయే గ్రూపులో అడగండి, ఎందుకంటే ఒక్కో బడిలో ఒక్కోటి.

వ్యవసాయం వైపు ఆసక్తి ఉంటే ఆచార్య ఎన్.జి. రంగా వర్సిటీ పాలిటెక్నిక్ పొదలకూరులో ఉంది. అది రెండేళ్ళ డిప్లొమా. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ళు, వెల్డర్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు) ఏడాది. కృష్ణపట్నం వైపు ప్లాంట్లల్లో పనికి పోవాలనుకునేవాళ్ళకి ఇదే సూటి దారి.

కాలేజీకి పోయి ఏం అడగాలి

ప్రభుత్వ జూనియర్ కాలేజీ అంటే "అక్కడ చదువు చెప్పరు" అని అనేస్తారు. కొన్నిచోట్ల అది నిజం, కొన్నిచోట్ల అబద్ధం. మీ ఊరి కాలేజీలో ఏది నిజమో తెలుసుకోవాలంటే పోయి చూడాల్సిందే. గేటు దగ్గర ఫ్లెక్సీలు చూడొద్దు. ఫిజిక్స్‌కి ఎవరు చెప్తున్నారు, రెగ్యులరా, కాంట్రాక్టా, గెస్టా? గెస్ట్ అయితే పోయిన ఏడాది ఏ నెలలో వచ్చి చేరారు? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో సగం తేలిపోతుంది. ల్యాబు తలుపు తీయమని అడగండి. తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియకపోతే అర్థం చేసుకోండి. సాయంత్రం గేటు బయట నిలబడి సెకండియర్ పిల్లల్ని ఇద్దర్ని అడగండి, వాళ్ళు దాచరు.

ఖర్చు దగ్గర కూడా మనవాళ్ళకు పాత లెక్కలే ఉన్నాయి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో పుస్తకాలు ఉచితం. 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. తల్లికి వందనం పథకం డబ్బు ఇంటర్ దాకా వస్తుంది. డిప్లొమాకి ఫీజు రీయింబర్స్‌మెంట్ వేరే దారి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష పాసైన పిల్లలకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున ఇంటర్ దాకా వస్తుంది. కానీ ప్రైవేటు కాలేజీలో చేరినా, పాలిటెక్నిక్‌కి మారినా అది ఆగిపోతుంది. ఈ సంగతి చేరాక తెలిస్తే ఇంట్లో గొడవలవుతాయి, ముందే తెలుసుకోండి.

ఇక బస్సు సంగతి. ఉదయం తొమ్మిదిన్నరకు కాలేజీ అయితే మీ ఊరి నుంచి ఆ టైముకు బస్సుందా, సాయంత్రం తిరుగు బస్సు ఎన్నింటికి? బస్ పాస్ ఉందని సంతోషపడి, బస్సే లేదని జూలైలో తెలుసుకునేవాళ్ళు ఎక్కువ. ఉదయగిరి, సీతారామపురం, కనిగిరి వైపు మెట్ట ఊళ్ళ వాళ్ళకు ఇదే అసలు సమస్య. అక్కడి పిల్లలకు గ్రూపు కంటే ముందు హాస్టల్ ఆలోచించండి.

కాగితాలు

పదో తరగతి మెమోలో పేరు ఎట్లా ఉందో ఆధార్‌లోనూ అక్షరం అక్షరం అట్లాగే ఉండాలి. ఇంటి పేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటే సర్టిఫికెట్ వెరిఫికేషన్లో ఇబ్బంది. క్యాస్ట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు సచివాలయంలో ఏప్రిల్ లోపే తీసుకోండి. మేలో అందరూ ఒకేసారి పోతారు. తల్లి బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు అయ్యుందో చూసుకోండి.

స్టడీ సర్టిఫికెట్లు ఆరో తరగతి నుంచి ప్రతి బడి నుంచీ తీసిపెట్టుకోండి. మన వైపు వాళ్ళకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే నెల్లూరు శ్రీవేంకటేశ్వర వర్సిటీ ప్రాంతం, ప్రకాశం ఆంధ్రా వర్సిటీ ప్రాంతం. ఈఏపీసెట్‌లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకే. ఇంటర్‌తో కలిపి వరుసగా చివరి నాలుగేళ్ళు ఒకే ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతం లోకల్. మధ్యలో మారితే ఏడేళ్ళ చదువులో ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివారో అది లెక్క. కావలిలో పది దాకా చదివి ఇంటర్ గుంటూరులో చదివిస్తే భయపడాల్సిన పని లేదు, ఆరు నుంచి పది దాకా ఐదేళ్ళు ఇక్కడే ఉన్నాయి కాబట్టి. ఎనిమిదిలోనే ఒంగోలు పంపినవాళ్ళు మాత్రం ఓసారి లెక్కేసుకోవాలి.

ఫారం నింపేటప్పుడు

ఫోన్ నంబర్ ఇంట్లో ఎప్పుడూ ఉండే మనిషిది ఇవ్వండి. నాన్న బెంగుళూరులో బేల్దారి పనికి పోయి ఉంటాడు, ఓటీపీ అక్కడికి పోతుంది, ఆయన ఎత్తేలోపు టైమైపోతుంది. ప్రతి ఫారానికీ ఒకే నంబరు వాడండి. సబ్మిట్ చేశాక ప్రింటు తీసుకుని ఫారం మీదున్న గ్రూపు, కేటగిరీ, జిల్లా మీరే చదవండి. నేను ఎంత చూసినా రోజుకు వంద ఫారాలు నింపే చోట చెయ్యి జారుతుంది, చదివే మనిషి ఇంకొకరుంటే మంచిది. చివరి తేదీ సాయంత్రం రావద్దు. సర్వరు మొరాయిస్తుంది, మీరు నన్ను తిడతారు.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నిజంగా చేరతామనుకున్నవి మాత్రమే పెట్టండి, ఇష్టమైనది పైన. పక్కింటోళ్ళ అబ్బాయి పెట్టిన వరుస తెచ్చి నాకివ్వొద్దు.

ఇంకో సంగతి, టీసీ. ఇంటర్ క్లాసులు మొదలయ్యే నాటికి ట్రిపుల్ ఐటీ జాబితా రాకపోవచ్చు, పాలిటెక్నిక్ కౌన్సెలింగూ పూర్తి కాకపోవచ్చు. ఆలోపు ఇంటర్లో చేరి ఉండటమే మంచిది, పిల్లలు ఖాళీగా కూర్చోకుండా. చేరేటప్పుడు టీసీ, మెమో ఒరిజినల్ ఇస్తే తీసుకున్నట్టు సంతకంతో కాగితం తీసుకోండి. మధ్యలో వెళ్ళిపోతే టీసీ ఎన్నాళ్ళకు ఇస్తారు, డబ్బులేమన్నా కట్టాలా అని ముందే అడగండి. డిసెంబరు నుంచే ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగే ప్రైవేటు కాలేజీల పీఆర్‌వోలు "స్కాలర్‌షిప్ టెస్టులో మీ వాడు సెలెక్టయ్యాడు, ఐదు వేలు కట్టి సీటు ఖాయం చేసుకోండి" అంటారు. వాళ్ళను కూడా ఇదే అడగండి: ట్రిపుల్ ఐటీ వస్తే ఈ ఐదు వేలు తిరిగిస్తారా, టీసీ ఇవ్వడానికి రెండో ఏడాది ఫీజు కూడా కట్టమంటారా? నోటితో చెప్పింది చాలదు, రసీదు వెనక రాసి సంతకం పెట్టమనండి. రాయనంటే ఆ డబ్బు జేబులోనే ఉంచుకుని పాలిసెట్ ఫారానికి రండి.